మాఘమాసంలో మామిడి వాసన

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఈ చుట్టుపక్కల కాపురం ఉన్నవాళ్లకి క్యాలెండర్‌తో పెద్దగా పని ఉండేది కాదు. గాలిలో బత్తాయి వాసన ఎక్కువైతే ఒక కాలం, గడ్డిలో మాగిన మామిడి వాసన వస్తే ఇంకో కాలం. ఆ మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఆ జాగాలో టిమ్స్ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. అందుకే మొన్న మాఘమాసంలో, చెట్ల మీద పూత ఇంకా పిందె కూడా కట్టని రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర చాయ్ తాగుతుంటే బంగినపల్లి వాసన గుప్పున తగిలేసరికి నాకు వింతగా అనిపించింది.

వాసన వచ్చిన దిక్కు చూస్తే ఒక కుర్రాడు. చంకలో జనరల్ స్టడీస్ పుస్తకం, గుప్పిట్లో పచ్చరంగు హైలైటర్ లాంటి వస్తువు. దాన్ని పెదవుల మధ్య పెట్టుకొని లాగి వదిలాడు. తెల్లటి మబ్బు ఒకటి లేచి, రెండు క్షణాల్లో మాయమైంది. మాట కలిపితే ఎస్సై ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నానన్నాడు. నేను ఆ వస్తువు వంక చూస్తున్నానని కనిపెట్టి, అడగకముందే సంజాయిషీ కూడా ఇచ్చాడు: "పొగ గాదన్నా ఇది, ఉత్త ఆవిరే."

శాస్త్రం ప్రకారం ఆ మాట తప్పు. చట్టం సంగతి ఇంకా తమాషా. దేశమంతటా ఈ-సిగరెట్లని నిషేధిస్తూ 2019లో వచ్చిన చట్టం, దుకాణాల్లోకి వెళ్లి సోదా చేసే అధికారాన్ని సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకి తగ్గని అధికారికి అప్పగించింది. అంటే కుర్రాడి కల నెరవేరిన మర్నాటి నుంచి అలాంటి వస్తువుల్ని పట్టుకోవలసినవాడు అతనే.

ముందు ఆవిరి సంగతి చూద్దాం. ఆ హైలైటర్‌ని విప్పితే లోపల పెద్ద మాయేమీ ఉండదు. ఒక చిన్న లిథియం బ్యాటరీ, దానికి కలిపిన సన్నటి తీగ చుట్ట, చుట్ట మధ్యలో దూది వత్తి, వత్తిని తడిపే చిక్కటి ద్రవం. ప్రమిదలో వత్తి నూనెని పైకి లాగినట్టే ఇక్కడ దూది ద్రవాన్ని తీగ దగ్గరికి లాగుతుంది. మంట మాత్రం ఉండదు. చాలావాటికి బటన్ కూడా ఉండదు. నోటితో గాలి లాగగానే లోపల ఒక పలుచటి పొర కదులుతుంది. ఫోన్‌లో మన గొంతుని పట్టుకునే మైకుదీ ఇదే సూత్రం. పొర కదిలిన సంగతి చిప్‌కి తెలుస్తుంది, తీగకి కరెంటు వెళుతుంది, క్షణంలో అది రెండొందల డిగ్రీల దాకా కాగి వత్తిలోని ద్రవాన్ని ఎగదోస్తుంది. తొలి మోడళ్లలో అవతలి కొసన ఒక ఎర్రలైటు కూడా వెలిగేది. సిగరెట్ నిప్పుని గుర్తు చేయడానికి పెట్టిన అలంకారం అది.

ఇడ్లీ పాత్ర మూత తీయగానే తెల్లగా లేచేదాన్ని మనం ఆవిరి అంటాం. నిజానికి ఆవిరి కంటికి కనపడదు. కనిపించేది చల్లగాలి తగిలి మళ్లీ నీరైన తుంపర. వేప్ అని కూడా పిలిచే ఈ-సిగరెట్ నుంచి వచ్చేదీ తుంపరే, కాకపోతే అది నీటి తుంపర కాదు. ఆ ద్రవంలో ముఖ్యంగా ఉండేవి రెండు: చలికాలం పెదవులు పగిలితే రాసుకునే గ్లిజరిన్ ఒకటి, ప్రొపిలీన్ గ్లైకాల్ ఇంకొకటి. ఫంక్షన్ హాల్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు స్టేజీ ఎక్కేటప్పుడు వదిలే పొగ యంత్రాల్లో వాడే ద్రవాలూ ఈ బాపతువే. వీటిలో నికోటిన్, వాసన దినుసులు కలుపుతారు. బిందువుల్లో చాలావాటి సైజు తలవెంట్రుక మందంలో వందో వంతుకి లోపే. అంత చిన్నవి గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తుల దాకా వెళ్లి కూర్చుంటాయి.

మామిడి వాసన అనేది ఒక పదార్థం కాదు, పదుల కొద్దీ రసాయనాల మేళవింపు. అలాంటి వాటిని బిస్కెట్లలో, ఐస్‌క్రీముల్లో ఏళ్లుగా తింటున్నాం, ఏమీ కాలేదు. "తినేదే కదా" అనే ధీమా ఇక్కడే మోసం చేస్తుంది. కడుపుకి ఆమ్లం ఉంది, వెనక కాలేయం కాపలా ఉంది. ఊపిరితిత్తుల్లో గాలికీ నెత్తురుకీ మధ్య ఉన్నది కాగితం కన్నా ఎన్నో రెట్లు పలుచని పొర. దీనికి అమెరికాలో ఒక పాత కథ ఉంది. మిస్సోరీ రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన 8 మందికి ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు మచ్చలు కట్టి మూసుకుపోయాయని 2000లో బయటపడింది. కారణం వెన్న వాసన కోసం కలిపే డైఅసిటైల్. పాప్‌కార్న్ తిన్నవాళ్లకి ఏమీ కాలేదు. ఆ వేడి వాసనని రోజంతా పీల్చినవాళ్లకే ఆ గతి పట్టింది. తర్వాతి కాలంలో కొన్ని వేప్ ద్రవాల్లోనూ అదే డైఅసిటైల్ కనిపించింది.

దూది ఆరిపోయి తీగ ఎర్రబడితే ఒక మాడు రుచి వస్తుంది. పీల్చేవాళ్లందరికీ అది తెలుసు. ఆ సమయంలో గ్లిజరిన్, గ్లైకాల్ విరిగి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలీన్ లాంటివి పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం, అతుకుల నుంచి సీసం కూడా కొద్దికొద్దిగా ద్రవంలోకి దిగుతాయని పరీక్షల్లో తేలింది. ఇంత చెప్పాక న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. సిగరెట్ కొస దమ్ము లాగేటప్పుడు సుమారు 900 డిగ్రీల దాకా మండుతుంది. ఆ పొగలో 7 వేలకి పైగా రసాయనాలు, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కారకాలు ఉంటాయి. మంట లేదు కాబట్టి వేప్‌లో తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు. విషాల పట్టిక పక్కపక్కన పెడితే సిగరెట్‌దే పొడుగు. ఈ విషయం దాచి పిల్లల్ని భయపెట్టబోతే, వాళ్లు ఫోన్‌లో రెండు నిమిషాల్లో వెతికి మన మిగతా మాటల్ని కూడా నమ్మడం మానేస్తారు.

నాకు అసలు ఆసక్తి కలిగించేది నికోటిన్ వెనకున్న ఆమ్ల క్షారాల కథ. అది మన ఊళ్ల కథే.

మా తాత చుట్ట తాగేవాడు. పొగని నోట్లోనే కాసేపు ఉంచి వదిలేవాడు తప్ప లోపలికి పీల్చేవాడు కాదు. పీల్చాల్సిన పని లేదు. చుట్ట పొగ క్షార గుణం కలది. క్షారంలో నికోటిన్ విడిగా, స్వేచ్ఛగా ఉంటుంది. నోటి చర్మం నుంచే నెత్తురులోకి దిగుతుంది. తంబాకు నలిపేవాళ్లు అరచేతిలో సున్నం వేసి రుద్దేదీ ఇందుకే. ఎవరూ రసాయన శాస్త్రం చదివి చేయలేదు, నాలుక చెప్పింది. అయితే ఈ స్వేచ్ఛా నికోటిన్ ఘాటైనది. గొంతులోకి వెళితే దగ్గు ముంచుకొస్తుంది. తాత పొగ మింగకపోవడానికి అదొక కారణం.

1920ల నుంచి గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు నాటడం మొదలైంది. దీన్ని చుట్ట పొగాకులా ఆరబెట్టరు. బ్యారన్‌లో వేడిగాలితో మగ్గబెడతారు. ఆ వేడికి ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారి అలాగే నిలిచిపోతుంది. కాల్చినప్పుడు ఆ చక్కెరలు పొగకి కొంచెం ఆమ్లగుణం ఇస్తాయి. ఆమ్లంలో నికోటిన్ లవణంలా కట్టుబడి ఉంటుంది. గొంతు మీద ఘాటు తగ్గుతుంది. ఘాటు తగ్గింది గనక గుండెల నిండా పీల్చవచ్చు. పీలిస్తే పదిపదిహేను సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. హైదరాబాద్ ఆజామాబాద్‌లో వజీర్ సుల్తాన్ కంపెనీ తయారు చేసిన చార్మినార్ మొదలుకొని ప్రతి సిగరెట్ చుట్ట మీద గెలిచిన కిటుకుల్లో ఇదొకటి.

ఇక మూడో అంకం. తొలినాళ్ల ఈ-సిగరెట్లలో నికోటిన్ మళ్లీ స్వేచ్ఛా రూపంలో ఉండేది. మోతాదు పెంచితే గొంతు పట్టేసేది, అందుకే పెద్దగా పాకలేదు. 2015లో అమెరికాలో జూల్ అనే పెన్‌డ్రైవ్ ఆకారపు పరికరం వచ్చింది. వాళ్లు ద్రవంలో బెంజోయిక్ ఆమ్లం కలిపారు. దాని లవణం మన సాస్ సీసాల్లో, స్క్వాష్‌లలో చెడిపోకుండా కలిపేదే. ఆమ్లం పడేసరికి నికోటిన్ ఘాటు చచ్చింది. గొంతుకి తెలియకుండా 5 శాతం నికోటిన్ ఎక్కించే వీలు కలిగింది. బ్యారన్ మంట చేసిన పని ఇక్కడ ఒక చెంచా ఆమ్లం చేసింది. దగ్గు శరీరం పెట్టుకున్న కాపలా కుక్క; మామిడి రుచి, బెంజోయిక్ ఆమ్లం కలిసి ఆ కుక్కకి బిస్కెట్ వేశాయి. మొదటిసారి పీల్చిన పిల్లవాడికి దగ్గు రాలేదంటే రెండోసారి పీలుస్తాడు.

ఒక సిగరెట్‌లో ఉండే నికోటిన్ సుమారు 10 నుంచి 12 మిల్లీగ్రాములు. ఒంట్లోకి చేరేది అందులో ఒకటి, ఒకటిన్నర. 5 శాతం ద్రవం 2 మిల్లీలీటర్లు పట్టే చిన్న పరికరంలో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. వేల దమ్ముల పేరుతో అమ్మే పెద్దవాటిలో 10 మిల్లీలీటర్లుంటే 500. ఎంత లోపలికి చేరుతుందనేది పీల్చే తీరును బట్టి ఉంటుంది కాబట్టి ఇన్ని సిగరెట్లకి సమానమని లెక్క కట్టడం కుదరదు. కానీ సిగరెట్‌కి ఒక చివర ఉంది. కాలిపోతే పారేయాలి, ఇంకోటి వెలిగించడానికి మనసు ఒప్పుకోవాలి. హైలైటర్‌కి ఆ చివర లేదు. స్టడీ హాల్లో పేజీ తిప్పినప్పుడల్లా ఒక దమ్ము. పాతికేళ్లు వచ్చేదాకా మెదడు ఇంకా అమరుతూనే ఉంటుంది. ఆ వయసులో అలవాటైన నికోటిన్ అంత తేలిగ్గా వదలదు.

ఇప్పుడు చట్టం దగ్గరికొద్దాం. ఇన్ని సూక్ష్మాలున్న వస్తువుని చట్టం ఎలా పట్టుకుంది? ఒక్క వాక్యంలో పట్టుకుంది. ఏదైనా పదార్థాన్ని వేడి చేసి, పీల్చడానికి తుంపర తయారు చేసే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా సరే, అందులో నికోటిన్ ఉన్నా లేకపోయినా, రుచి ఉన్నా లేకపోయినా, ఏ పేరుతో పిలిచినా, ఏ ఆకారంలో ఉన్నా, అది ఈ-సిగరెట్టే. పొగాకుని కాల్చకుండా వేడి చేసే పరికరాలు, ఈ-హుక్కా కూడా అందులోనే. మందుల చట్టం కింద లైసెన్సు ఉన్న ఉత్పత్తులకి మాత్రం మినహాయింపు. "ఇందులో నికోటిన్ లేదు సార్" అనే జవాబుకి తావు లేకుండా రాశారు. లేకపోతే ప్రతి హైలైటర్‌నీ ల్యాబ్‌కి పంపాలి, రిపోర్ట్ వచ్చేదాకా ఎస్సై గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. రసాయన శాస్త్రాన్ని పక్కన పెట్టి ఆకారాన్నీ పనినీ పట్టుకున్న ఈ నిర్వచనం నాకు నచ్చింది. చట్టం రాసినవాళ్లకి పోలీస్ స్టేషన్ ఎలా ఉంటుందో తెలుసనిపిస్తుంది.

తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన, అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం వచ్చేనాటికి చేతిలో సరుకున్న వ్యాపారులు జాబితా రాసి దగ్గర్లోని అధికారికి అప్పగించాలన్నారు.

ఈ జాబితాలో పీల్చడం లేదు. గమనించారా? ఆ కుర్రాడు చేస్తున్న పనికి ఈ చట్టంలో శిక్ష రాయలేదు. సింగపూర్‌లో 2018 నుంచి దగ్గర ఉంచుకున్నా, పీల్చినా జరిమానా. మన పార్లమెంటు అంత దూరం పోలేదు. అయితే "నిల్వ" అంటే ఎంత? గోదాములో వంద పెట్టెలా, జేబులో ఒకటా? చట్టం పరిమాణం చెప్పలేదు. ఏ రూపంలో, ఎంత ఉన్నా దగ్గర పెట్టుకోవడం ఉల్లంఘనే అని తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ వివరణ ఇచ్చింది. దుబాయ్ నుంచో లండన్ నుంచో వస్తూ తనకోసం ఒకటి సూట్‌కేసులో తెచ్చుకునేవాడికి కూడా చట్టంలో "సొంత వాడకం" అన్న మినహాయింపు లేదు. శంషాబాద్‌లో దిగినప్పుడు అది దిగుమతే.

ఈ చట్టం ఎంత వేగంగా వచ్చిందో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. పంజాబ్ 2013లోనే మొదలుపెట్టింది. మన పక్క రాష్ట్రాల్లో కర్ణాటక 2016లో, తమిళనాడు 2018లో నిషేధించాయి. 2018 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలన్నిటికీ సలహా పంపింది. 2019 మే 31న, పొగాకు వ్యతిరేక దినం నాడు, భారత వైద్య పరిశోధన మండలి శ్వేతపత్రం విడుదల చేసి పూర్తి నిషేధం కావాలంది. సెప్టెంబర్ 18న కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్సుకి ఒప్పుకుంది. ఆ కబురు చెప్పింది ఆరోగ్య మంత్రి కాదు, ఆర్థిక మంత్రి, మన నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్. అమెరికా హైస్కూలు పిల్లల్లో ఒక్క ఏడాదిలో వాడకం 78 శాతం పెరిగిందన్న లెక్క ఆమె ఉదహరించారు. నవంబర్ 27న లోక్‌సభ, డిసెంబర్ 2న రాజ్యసభ ఆమోదించాయి. 5న రాష్ట్రపతి సంతకంతో 2019లో 42వ చట్టమైంది.

ఆ వేగం వెనక అమెరికా భయం ఉంది. సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడ వేప్ పీల్చిన కుర్రాళ్లు ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరుతున్నారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది చేరారు, 68 మంది చనిపోయారు. తీరా కారణం వెతికితే ఎక్కువ కేసుల్లో తేలింది మామూలు నికోటిన్ ద్రవం కాదు. గంజాయి నూనె నింపిన దొంగ సరుకులో చిక్కదనం కోసం కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్. ఈ సంగతి తేలేసరికి మన ఆర్డినెన్సు వచ్చి దాదాపు రెండు నెలలైంది. నిషేధాన్ని విమర్శించేవాళ్లు దీన్ని ఎత్తి చూపుతారు. నిషేధం కావాలనేవాళ్లు కూడా దీన్నే చూపవచ్చు, ద్రవంలో ఏముందో పీల్చేవాడికి తెలియదు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏముంటుంది!

విమర్శల్లో బలమైనది ఇంకోటి ఉంది. ఈ-సిగరెట్ నేరమై, పక్కనే పాన్ డబ్బాలో సిగరెట్ దర్జాగా దొరకడం ఏమిటి? ఆర్డినెన్సు ప్రకటించిన రోజున సిగరెట్ కంపెనీల షేర్లు పైకెగిశాయి. ఐటీసీలో ఎల్ఐసీకి, ఇంకో ప్రభుత్వ సంస్థకి వాటాలున్నాయి. గుంటూరులో పొగాకు బోర్డు 1976 నుంచి వాణిజ్య శాఖ కింద ఉంది. పంట పెంచడానికి రాజమండ్రిలో 1947లో పెట్టిన పరిశోధన సంస్థ ఉంది. ఇంకా విచిత్రం: నికోటిన్ సల్ఫేట్ అనే పురుగుమందుని మన చేలల్లో వాడకూడదని 1992లోనే నిషేధించారు, కానీ ఎగుమతి కోసం తయారు చేయవచ్చన్నారు. మన పురుగుకి వద్దు, పరాయి పురుగుకి ముద్దు.

ఈ వైరుధ్యం నిజమే. దాన్ని ఒప్పుకుంటూనే, నిషేధం తెలివితక్కువ పని అని మాత్రం నేననలేను. దానికి నా కారణం సంఖ్యల్లో ఉంది. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం ఏదో రూపంలో పొగాకు వాడేవాళ్లు. పొగతాగేవాళ్లు 10.7 శాతం. నమిలేవాళ్లు, చప్పరించేవాళ్లు 21.4 శాతం. ఈ-సిగరెట్ వాడేవాళ్లు 0.02 శాతం. అంటే పదివేల మందిలో ఇద్దరు. అలవాటు ఊరంతా పాకాక మానిపించడం ఎంత కష్టమో గుట్కా నేర్పింది. ఆహారంలో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 నిబంధనలు చెప్పాయి, రాష్ట్రాలు ఏటా నిషేధం పొడిగిస్తున్నాయి. వ్యాపారులు పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఒక పొట్లం చేసి పక్కపక్కన వేలాడదీశారు, కలుపుకునే పని కొన్నవాడికి వదిలారు. జనం చేరకముందే తలుపు మూయడం చౌక, చేరాక బయటికి పంపడం ఖరీదు. 2019లో మూసింది దాదాపు ఖాళీ గది తలుపు.

"బ్రిటన్‌లో డాక్టర్లే వాడమంటున్నారు కదా" అనేవాళ్లకి కూడా జవాబు ఆ సంఖ్యల్లోనే ఉంది. అక్కడ పొగాకు అంటే ముఖ్యంగా సిగరెట్. దాన్ని మాన్పడానికి నికోటిన్ గమ్ కన్నా, ప్యాచ్ కన్నా వేప్ బాగా పనిచేస్తుందని, వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష చెప్పింది: నూరు మందిలో గమ్, ప్యాచ్‌లతో మానేది ఆరుగురైతే, వేప్‌తో ఎనిమిది నుంచి పది మంది. చిన్న తేడా కాదు. కానీ ఖైనీ దవడకి పెట్టుకునే మేస్త్రికి, శ్రీకాకుళం పల్లెల్లో నిప్పున్న కొసని నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగే అవ్వకి వేప్ ఏం చేస్తుంది? వాళ్ల అలవాటుకి అది ప్రత్యామ్నాయం కాదు. మన దగ్గర అది సిగరెట్ మానే నలభై ఏళ్లవాడి చేతికన్నా ముందు స్టడీ హాల్ కుర్రాడి చేతికి వస్తుంది. 2019లో 13 నుంచి 15 ఏళ్ల బడిపిల్లల్ని అడిగితే 2.8 శాతం మంది ఎప్పుడో ఒకసారి పీల్చామన్నారు. కొలతలు ఒకటి కాకపోయినా, పెద్దల అంకె పక్కన ఈ అంకెని పెట్టి చూడండి.

అలాగని బ్రిటన్ తలుపులు బార్లా తెరిచిందని కాదు. అక్కడ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములకి మించి నికోటిన్ ఉండకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లు దాటకూడదు, సరుకులో ఏమేం కలిపారో అమ్మకముందే ప్రభుత్వానికి రాసివ్వాలి. ఒకసారి వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. 2023లో అక్కడ వారానికి దాదాపు 50 లక్షలు చెత్తలో పడ్డాయి. ఒక్కోదానిలో లిథియం బ్యాటరీ, చెత్తబండిలో నలిగితే నిప్పు. ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టింది. 2024 జులై నుంచి మందుల షాపులో తప్ప అమ్మకూడదంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెల్‌బోర్న్‌కో మాంచెస్టర్‌కో చదువుకి వెళ్లిన మన పిల్లవాడు ఒకే వస్తువుని ఒక చోట కిరాణా కొట్టులో, ఒక చోట ఫార్మసీలో చూస్తాడు. సెలవులకి ఇంటికొస్తే అది నేరం.

నిషేధానికి నేను ఒప్పుకోని మూల్యం ఒకటుంది. లేని వస్తువుకి ప్రమాణం ఉండదు. ఆ కుర్రాడి హైలైటర్ మీద 5 శాతం అని అచ్చు వేసి ఉంది. తూచినవారు ఎవరు? బ్రిటన్‌లో ఆ అంకె తప్పితే కంపెనీని నిలదీసే సంస్థ ఉంది. ఇక్కడ పట్టుబడితే కేసు ఉంటుంది తప్ప, లోపల ఏముందో ప్రజలకి చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. అమెరికాలో ఆసుపత్రి పాలైనవాళ్లలో ఎక్కువమంది పీల్చింది లోపల ఏముందో తెలియని దొంగ సరుకే. నిషేధం ఉన్న దేశంలో దొరికే ప్రతి వేప్ నిర్వచనం ప్రకారమే దొంగ సరుకు. కాబట్టి నిషేధించిన ప్రభుత్వం రెండు పనులు చేయాలి: పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని పరీక్షించి ఫలితాన్ని ఊరికి చెప్పాలి. మొదటి దానికి చట్టంలో నిండా మాటలున్నాయి.

పట్టుకోవడమూ సులువు కాదు. హుక్కా అయితే గది కావాలి, బొగ్గు కావాలి, గొట్టాలు కావాలి. వీధి చివరికే వాసన కొడుతుంది. అందుకే తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లని నిషేధించినప్పుడు కనీసం మూయడానికి షట్టర్లున్నాయి. వేప్‌కి షట్టర్ లేదు. మెసేజ్ పెడితే బైక్ మీద వచ్చే వస్తువు, పెన్నుల మధ్య పెన్నులా బ్యాగులో ఉంటుంది. తల్లి బ్యాగు సర్దినా అది హైలైటరే అనుకుంటుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకో గండం: ఆ తియ్యటి ద్రవం కొద్దిగా మింగినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇవన్నీ చాయ్ బండి దగ్గర ఆ కుర్రాడికి చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు, నాకు అంత ఓపికా లేదు. ఒక్కటే అడిగాను, ఫిజికల్ టెస్టుకి పరుగు ఎంత సేపట్లో తీస్తున్నావని. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలని పెట్టారు. అతను తలగోక్కున్నాడు.

"ఏడూ నలభై అయితుందన్నా. ఆఖరి రౌండ్ల దమ్ము అందుతలేదు."

నేనేమీ అనలేదు. చేతిలో ఉన్నదాన్ని అతనే ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నికోటిన్ మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 అని ఉచిత ఫోన్ నెంబరొకటి ఉందని, మందుల షాపులో గమ్ దొరుకుతుందని చెప్పాను. గమ్‌లో ఉండేదీ నికోటిన్ కదా అన్నాడు. అవును, కానీ మెల్లగా ఎక్కుతుంది, ఎంతుందో డబ్బా మీద ఉన్నది నిజం అన్నాను. కాసేపాగి చెత్తబుట్ట కోసం చుట్టూ చూశాడు.

"అందులో వేయకు, బ్యాటరీ ఉంది, అంటుకుంటది."

"మరేడ వెయ్యాలె? స్టేషన్ల ఇయ్యాల్నా?"

పాత బ్యాటరీలు, ఫోన్లు తీసుకునే ఈ-వేస్ట్ డబ్బా ఏదైనా ఉందేమోనని ఇద్దరం ఒకసారి రోడ్డు కొస దాకా చూశాం. మెట్రో మెట్లు, బస్ డిపో గోడ, పుస్తకాల షాపులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద కిందటి బ్యాచ్‌లో సెలెక్టయిన ఎస్సైల ఫోటోలు. అతను దాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు. పొద్దున ఐదింటికి కొత్తపేట వీఎం హోమ్ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ ఉందంటూ వెళ్లిపోయాడు.